ఎప్పుడు కొలిచారు?

గురువారం పొద్దున్న పదింటికి బడి.
తొమ్మిదిన్నరకే ఫోన్‌ని గుడ్డసంచిలో వేసి
జెండా తాడుకి కట్టి
కొయ్య పైదాకా లాగుతాను.
కింద సిగ్నల్ ఉండదు. ముప్పై అడుగుల మీద
రెండు గీతలు, గాలి ఒప్పుకుంటే మూడు.
"మా బళ్ళో జెండా ఎగరేస్తే చాక్లెట్లు పంచేవారు,
నువ్వు లెక్కలు పంచుతున్నావు"
అంటాడు భానోజీ, ఉల్లిపాయ తరుగుతూ.

పడవ పేరు నత్త.
ఇరవై ఎనిమిది అడుగులు, ఇద్దరం, ఒక స్టవ్వు,
పోపులపెట్టె తిరగబడకుండా చుట్టిన సైకిల్ ట్యూబు.
గ్లాస్టర్ దీవి చాటున లంగరేసుకుని ఉన్నాం
ఆగ్నేయం గాలి అలిసేదాకా.
అవతల, బోవెన్ ఊళ్ళో, రేకుల కప్పు కింద
మార్గో టీచర్ నాలుగో తరగతి,
నా టాబ్లెట్‌లో ఇరుక్కున్న ఇరవై రెండు మొహాలు.

నేనేం టీచర్ని కాను.
ముప్పై ఏళ్ళు టౌన్స్‌విల్ ఆస్పత్రిలో మందులు తూచాను.
మిల్లీగ్రాము తప్పలేదని ఇప్పటికీ గర్వం.

మొదటి నెలంతా ఒకటే ప్రశ్న:
పాయిఖానా ఎక్కడికి పోతుంది?
చెప్పాను. కేకలు పెట్టారు. మళ్ళీ చెప్పమన్నారు.
తరవాత నీళ్ళ లెక్క. మాకిద్దరికీ రోజుకి పదకొండు లీటర్లు.
ఇమోజెన్ ఇంటికెళ్ళి షవర్ కింద బకెట్లు పెట్టి కొలిచిందట,
వాళ్ళమ్మ తలుపు బాదేదాకా.
ఒకసారి తాబేలు పైకొచ్చి ఊపిరి తీసే చప్పుడు వినిపించాను.
"అచ్చం మా తాత" అంది ఎవరో.
ఎవరూ నవ్వలేదు.

అణియం, అమరం నేర్పాను. ముందు, వెనక.
ఆటు, పోటు కూడా.
పోటు అన్నప్పుడల్లా మైకులో గాలి పేలింది.

ఆ గురువారం లెక్క ఇది:
లోతు నాలుగు మీటర్లు. గొలుసు అయిదింతలు.
ఎంత వదలాలి?
నాలుగైదులు ఇరవై! ఇరవై ఒక్క చెయ్యి లేచింది.
టోబియాస్ ఎత్తలేదు.
వాళ్ళ నాన్న రొయ్యల బోటు మీద పనిచేస్తాడు.
"ఎప్పుడు కొలిచారు?" అన్నాడు.
పొద్దున్న, అన్నాను.
"ఆటులోనా, పోటులోనా?"

మంచి ప్రశ్న, అన్నాను,
పెద్దవాళ్ళు టైమ్ అయిపోయినప్పుడు అనేటట్టు.

వాళ్ళకి చూపించాలని
సరిగ్గా ఇరవై మీటర్లే వదిలాను, ఎర్ర రంగు గుర్తుదాకా.
తరవాత ఇంకాస్త వదలాలి అనుకున్నాను.
తరవాత పప్పు ఉడికింది. తరవాత నిద్ర.

రాత్రి రెండింటికి నత్త నడిచింది.
గొలుసు అడుగున రాళ్ళ మీద పళ్ళు నూరుతోంది.
మూడు మీటర్ల పోటు ఎక్కేసింది, చప్పుడు లేకుండా.
దీవి ఉండాల్సిన చోట చుక్కలున్నాయి.
భానోజీ ఇంజను దగ్గర,
నేను అణియంలో, నైటీ మీద లైఫ్ జాకెట్,
ఏడైదులు ముప్పై అయిదు
ఏడైదులు ముప్పై అయిదు
అంటూ వదులుతూనే ఉన్నాను
పసుపు గుర్తు నీళ్ళలో మునిగి
లంగరు ఎక్కడో గుప్పిట బిగించేదాకా.

మళ్ళీ గురువారం
వాడికి చెప్పాలని తొమ్మిదింటికే ఫోన్ ఎక్కించాను.
టోబియాస్ కుర్చీలో ఎవరిదో సంచి.
సీజన్ మారింది, బోటు కరుంబా పోయింది,
వాళ్ళమ్మా వాడూ కారులో వెనకే.
"అక్కడ చేరతాడు, సగంలో" అంది మార్గో.
ఆ సగంలో అన్నది నాకు సిగ్నల్ తెగి రెండుసార్లు వినిపించింది.

మిగతా ఇరవై ఒక్కమందికీ చెప్పాను.
నైటీ దగ్గర నవ్వారు. చుక్కల దగ్గర ఆగారు.
అడక్కుండానే ఇమోజెన్ లేచి
బోర్డు మీద ఇరవై కొట్టేసింది.

ఇప్పుడు నా లాగ్ పుస్తకంలో
లోతు రాసిన ప్రతి చోటా
పక్కన వేళ రాస్తున్నాను.
నిన్నటిది:
మూడున్నర మీటర్లు, సాయంత్రం ఆరూ పది, ఆటు.
ఇంకా దిగుతోంది.